మా టీవీ వెనక చిన్న కంప్యూటర్

సినిమాల కోసం హాల్లో ఒక కంప్యూటర్ పెట్టుకోవడం ఒకప్పుడు డబ్బున్నవాళ్ళ సరదా. 2002లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన మీడియా సెంటర్ విండోస్ కావాలంటే కొత్త కంప్యూటర్ కొనాల్సిందే. అదే ఏడాది కొందరు ఔత్సాహికులు ఎక్స్‌బాక్స్ అనే ఆటల పెట్టెలో సినిమాలు ఆడించే ప్రోగ్రాం రాసి ఉచితంగా పంచారు. అదే పెరిగి పెరిగి 2014లో 'కోడి' అయింది. (పేరు చూసి మా పిల్లలు ఒకటే నవ్వు!)

2012 ఫిబ్రవరిలో రాస్ప్‌బెర్రీ పై వచ్చింది. పిల్లలు ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలని ఇంగ్లండులో చేసిన బోర్డు, అరచేతిలో పట్టేస్తుంది. అప్పట్లో ధర 35 డాలర్లు. ఫ్యాన్ లేదు, చప్పుడు లేదు. హెచ్‌డీ సినిమాని తడబడకుండా ఆడించేది, పాత డీవీడీ వీడియో మాత్రం సరిగ్గా ఆడేది కాదు. డీవీడీలకి కావలసిన ఎంపెగ్-2 లైసెన్సుని, ధర పెరగకూడదని, అందులో కలపలేదు. ఆ ఆగస్టు నుంచి విడిగా 2.40 పౌండ్లకి అమ్మారు.

మీ ఇళ్ళలోనూ పెళ్ళి వీడియోలు డీవీడీల్లోనే ఉండుంటాయి. నాకు కొత్త సినిమాల కన్నా అవే ముఖ్యం. పోయిన మా మామయ్యగారు నడిచేదీ మాట్లాడేదీ ఇప్పుడు వాటిల్లోనే. ఎంత పొదుపైనా ఆ డబ్బు మాత్రం కట్టించాను. టీవీ రిమోట్‌తోనే అంతా నడుస్తుంది. తలంబ్రాల దగ్గర ఆయన నవ్వే చోట అత్తయ్యగారు ఆపి ఆపి చూస్తారు.