రంగం కచేరీలో ఎరుక

1948వ సంవత్సరం జనవరి 4వ తేదీన బర్మా దేశానికి స్వాతంత్ర్యం లభించినది. ఆ దినముననే రంగూను నగరంలో ఊ బా ఖిన్ అనే నలభై ఎనిమిదేండ్ల ఉద్యోగి ఆ దేశపు అకౌంటెంట్ జనరల్ పదవిని స్వీకరించినాడు. గుమాస్తాగా చేరి, లెక్కల శాఖలో మెట్టు మెట్టుగా పైకి వచ్చిన మనిషి. యుద్ధపు దెబ్బలనుండి నగరమింకా కోలుకోలేదు. స్వాతంత్ర్యం వచ్చిన కొద్ది నెలలకే దేశంలో అంతర్యుద్ధం చెలరేగినది. అట్టి రోజులలో ఖజానా లెక్కలు చూచే ఈ అధికారి తన కచేరీలోనే ఒక గదిని ధ్యానానికై ప్రత్యేకించి, క్రింది ఉద్యోగులను కూర్చుండబెట్టి శ్వాసను గమనించుట నేర్పినాడు. 1950లో ఆ కార్యాలయం పేరనే ఒక విపశ్యనా సంఘం ఏర్పడినది. 1952లో నగరంలో అంతర్జాతీయ ధ్యానకేంద్రం వెలసినది.

ధ్యానమనగానే మనకు కొండగుహ, జడలు, కృష్ణాజినం స్ఫురిస్తాయి గాని ఫైళ్ల కట్టలు స్ఫురించవు. అయితే ఆ లెక్కల కచేరీ విషయంలో ఒక్క మాట ఆలోచించవలసి ఉన్నది. అక్కడి ఉద్యోగిని వేధించేది ఏమిటి? ఘోరమైన దుఃఖం కాదు, ఉన్మాదం కాదు. ఉదయం ఇంట పడిన చిన్న మాట, మధ్యాహ్నం పైఅధికారి ముఖంలో కనిపించిన ముడుత, సాయంకాలానికి కారణం తెలియని దిగులు. ప్రొద్దున ఉన్న హుషారు సందెవేళకు ఉండదు. ‘మనసు బాగులేదు’ అని మన ఇళ్లలో అంటాము. బాగులేకపోవుటకు కారణమడిగితే చెప్పలేము. అంతటి స్వల్పమైన వికారాన్ని గూర్చి శాస్త్రం వ్రాసినవారున్నారా అని శ్రోతలు ప్రశ్నించవచ్చును. ఉన్నారు.

పాళీ వాఙ్మయంలో సతిపట్ఠాన సుత్తమని ఒక సూత్రమున్నది. కురుదేశంలో కమ్మాసదమ్మమనే ఊరిలో బుద్ధుడు దీనిని ఉపదేశించినాడని ఆ సూత్రమే చెప్పుకొంటున్నది. శరీరాన్ని, సుఖదుఃఖ వేదనలను, చిత్తాన్ని, ధర్మాలను గమనించుట అని ఇందులో నాలుగు భాగాలున్నవి. మనకు ఇక్కడ కావలసినది మూడవది. అందులో చిత్తపు అవస్థలు పదునారు, ఎనిమిది జంటలుగా చెప్పబడినవి. రాగమున్న చిత్తం, రాగం లేని చిత్తం, ద్వేషమున్నది, లేనిది, ఈ విధంగా సాగుతుంది. ఆ జంటలలో ఒకటి నాకెప్పుడూ ఆశ్చర్యం కలిగిస్తుంది: ముడుచుకొన్న చిత్తం, చెదరిన చిత్తం. ముడుచుకొన్నదనగా మాంద్యంతో, జడత్వంతో కూడినదని, చెదరినదనగా ఉద్ధతితో కూడినదని వ్యాఖ్యాతలు వివరించినారు. సాయంకాలపు నీరసము, అకారణమైన తొందరపాటు, ఈ రెంటికీ అంత ప్రాచీన గ్రంథంలో స్థానం దొరికినదన్నమాట.

అంతకంటె ముఖ్యమైనది మరొకటి ఉన్నది. ఈ భాగంలో ఆ చిత్తాన్ని తరిమివేయుమని ఎక్కడా లేదు. ద్వేషం కలిగినప్పుడు ద్వేషం కలిగినదని తెలిసికొనుట, ముడుచుకొన్నప్పుడు ముడుచుకొన్నదని తెలిసికొనుట, ఇంతే విధి. సాధకుడు తనను తాను నిందించుకొనవలసిన పని లేదు. రాగమున్న చిత్తానికి, రాగం లేని చిత్తానికి ఒకే క్రియాపదం వాడబడినది. ఆ క్రియాపదానికి తెలుగులో ‘ఎరుగును’ అన్న మాటకంటె దగ్గరి మాట లేదు. పాళీలో ‘సతి’ అన్నా, సంస్కృతంలో ‘స్మృతి’ అన్నా మూలార్థం జ్ఞాపకమే. చేస్తున్న పనిని, కలుగుతున్న భావాన్ని మరచిపోకుండుట. రైస్ డేవిడ్స్ పండితుడు, ఒకప్పుడు సింహళంలో ప్రభుత్వోద్యోగి, 1881లో ప్రచురించిన తన అనువాదాలలో దీనికి ‘మైండ్‌ఫుల్‌నెస్’ అన్న మాటను వాడినాడు. నేడు లోకమంతట వినబడే పేరు అదే. మనకు మాత్రం ‘ఎరుక’ చాలును.

ఇక సమతను సూచించే మాట సంగతి. పాళీలో అది ‘ఉపేక్ఖా’, సంస్కృతంలో ‘ఉపేక్ష’. తెలుగులో ‘వాడు చదువును ఉపేక్షించినాడు’ అంటే అశ్రద్ధ చేసినాడని అర్థం. ఒకే మాట, ఒకచోట మహాగుణం, మరొకచోట దోషం! ఇది మన భాష చేసిన పొరపాటని తోసివేయలేము. అయిదవ శతాబ్దంలో సింహళంలోని అనూరాధపుర మహావిహారంలో విశుద్ధిమార్గాన్ని రచించిన బుద్ధఘోషాచార్యుడు ఈ ప్రమాదాన్ని ముందే పసిగట్టినాడు. ప్రతి సద్గుణానికీ దూరపు శత్రువొకటి, దగ్గరి శత్రువొకటి ఉంటాయని చెప్పి, ఉపేక్షకు దగ్గరి శత్రువు అజ్ఞానంతో కూడిన ఉదాసీనత అని నిర్ణయించినాడు. రెండూ బయటికి ఒకే విధంగా కనిపిస్తాయి గనుకనే అది దగ్గరి శత్రువు. భార్య కష్టం చెప్పుకొంటుండగా పత్రిక వెనుక ముఖం దాచుకొని నిశ్చలంగా ఉన్న భర్తది ఏ ఉపేక్షో వేరే చెప్పనక్కరలేదు.

ఈ బుద్ధఘోషుడు గుంటూరు సీమవాడని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. అది ఊహయే గాని సిద్ధాంతం కాదు. కాని ఆంధ్రదేశానికి సింహళంతో ఉన్న సంబంధం ఊహ కాదు. ఇక్ష్వాకు రాజైన వీరపురుషదత్తుని కాలపు నాగార్జునకొండ శాసనంలో బోధిసిరి అనే ఉపాసిక తామ్రపర్ణి ఆచార్యులను పేర్కొన్నది. అక్కడ ‘సిహళ విహార’మనే పేరు కూడ కనబడుతున్నది.

మళ్లీ బర్మాకు వద్దాము. గుమాస్తాలకు ధ్యానం నేర్పవచ్చునన్న ఆలోచన బా ఖిన్‌కు ఒంటరిగా పుట్టలేదు. 1885లో ఆంగ్లేయులు మాండలేను పట్టుకొని తీబా రాజును రత్నగిరికి పంపివేసినారు. రాజు పోయిన తరువాత ధర్మానికి దిక్కెవరన్న భయం ఆ దేశంలో కలిగినది. లెడీ సయాడో (1846–1923) అనే మహాపండితుడు దీనికి చూపిన సమాధానం విచిత్రమైనది. రాజు రక్షించకపోతే రైతు, వర్తకుడు, గృహిణి రక్షించుకొందురుగాక! ఆయన దేశమంతట తిరిగి, సులభమైన బర్మా భాషలో గ్రంథాలు వ్రాసి, అంతవరకు భిక్షువులకే పరిమితమని తలచిన సాధనను గృహస్థులకు అందించినాడు.

ఆయన శిష్యులలో సయా థెట్‌జీ అనే గృహస్థుడొకడు. రంగూను నదికి ఆవలిగట్టున ప్యోబ్వేజీ గ్రామం ఆయనది. చిన్నతనంలో వడ్ల బండి తోలినాడు. 1903 ప్రాంతంలో ఊరిలో కలరా వచ్చినది. కొడుకు పోయినాడు, కూతురు పోయినది. ఇల్లు విడిచి గురువులను వెదకుచు పోయి, ఏండ్ల తరబడి సాధన చేసి, తిరిగి తన పొలం దగ్గరకే వచ్చి బోధింపసాగినాడు. 1937లో ఆయనయొద్ద కూర్చున్నవారిలో బా ఖిన్ ఒకడు. పుత్రశోకంలో పుట్టిన విద్య ఈ విధంగా దినదినపు చిరాకులతో సతమతమయ్యే కచేరీకి చేరినది.

సర్కారు జిల్లాలవారికి రంగూను అనరాదు, ‘రంగం’ అనవలెను. శ్రీకాకుళం, విశాఖపట్నం, గోదావరి సీమలనుండి ఓడలెక్కి రంగం పోయినవారు ఎందరో. రేవులలో మూటలు మోసినారు, బియ్యపు మిల్లులలో పనిచేసినారు. కోరంగి రేవు పేరున అక్కడివారు మనవారిని ‘కోరంగీలు’ అని పిలిచినారు. 1931 జనాభా లెక్కల ప్రకారం రంగూను నివాసులలో సగానికి పైగా భారతీయులే. ఆ ముందటి సంవత్సరం మే నెలలో తెలుగు రేవు కూలీల సమ్మె కారణంగా ఘోరమైన అల్లర్లు జరిగినవి. 1942లో జపాను సైన్యం వచ్చినప్పుడు వేలాదిమంది కాలినడకను కొండలు దాటినారు. దారిలో చనిపోయినవారికి లెక్క లేదు. నది ఆవలిగట్టున మనోనిబ్బరం బోధింపబడుతున్న ఏండ్లలోనే ఈవలి గట్టున మనవారి కథ ఇట్లు నడిచినది. శాంతిని గూర్చిన చరిత్రను మాత్రమే చెప్పి దీనిని విడిచిపెట్టుట న్యాయం కాదని నాకు తోచినది.

ఈ విద్య వైద్యశాలలకు చేరిన వృత్తాంతం ఇటీవలిది. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ కబాట్-జిన్ ఒక శిక్షణ ఆరంభించినాడు. దీర్ఘకాలపు నొప్పితో బాధపడేవారు అక్కడికి వచ్చినారు. అటు తరువాత టీస్‌డేల్, సీగల్, విలియమ్స్ అనే ముగ్గురు మనస్తత్వవేత్తలు మరొక ప్రశ్న వేసుకొన్నారు. తీవ్రమైన కుంగుబాటు వ్యాధినుండి కోలుకొన్నవారికి అది మళ్లీ ఎందుకు వస్తున్నది? వారు గ్రహించినది ఇది: అందరికీ వచ్చే చిన్న దిగులే వారికీ వస్తుంది. కాని ఆ దిగులు వెనుకటి ఆలోచనలన్నింటినీ నిద్రలేపుతుంది. ‘నేను పనికిరానివాడను’ అన్న పాత మాట మరల మొదలవుతుంది. దిగులును దిగులుగా తొలిదశలోనే గుర్తించగలిగితే ఆ గొలుసు తెగవచ్చును.

145 మందిపై చేసిన వారి పరీక్షాఫలితాలు 2000లో వెలువడినవి. మూడు లేక అంతకు మించిన పర్యాయాలు వ్యాధి వచ్చినవారిలో, సాధారణ చికిత్స మాత్రమే పొందినవారికి నూటికి 66 మందికి అది తిరగబెట్టగా, శిక్షణ పొందినవారిలో 37 మందికే తిరగబెట్టినది. రెండు పర్యాయాలే వచ్చినవారిలో మాత్రం అట్టి ప్రయోజనం కనబడలేదు. ఈ రెండవ వాక్యాన్ని ప్రచారకులు తరచుగా విడిచిపెడతారు. వారాల తరబడి నిద్ర, ఆకలి లేనివారు, బ్రతుకు మీద ఆశ వదలినవారు వైద్యుని చూడవలెను గాని శ్వాసను లెక్కించుకొంటూ కూర్చుండరాదు. అట్టివారిలో కొందరికి దీర్ఘమైన మౌనసాధన బాధను పెంచవచ్చును కూడ. మనం చెప్పుకొంటున్నది ఆరోగ్యవంతుని మనస్సులో ఎండ నీడలను గూర్చి.

బా ఖిన్‌కు ఈ వివేకమున్నది. 1955లో మాండలేలో పుట్టిన భారతీయ వర్తకుడు సత్యనారాయణ గోయెంకా తీరని తలనొప్పితో ఆయనయొద్దకు వచ్చినప్పుడు, తలనొప్పి మాన్పుటకే అయితే రావద్దని మొదట తిప్పి పంపినాడట. ఆ గోయెంకాయే 1969లో భారతదేశానికి వచ్చి, జూలై 3న బొంబాయిలో తొలి శిబిరం నడిపినాడు. తానే ఈ దేశానికి రావలెనన్న బా ఖిన్ కోరిక తీరలేదు. 1971 జనవరిలో ఆయన మరణించినాడు. 1976లో హైదరాబాదు సమీపాన, నాగార్జునసాగరానికి పోయే బాటలో, ధమ్మఖేత్త అనే కేంద్రం వెలసినది. అక్కడ రుసుము లేదు, పదిదినాల శిబిరంలో చివరి దినం వరకు మాట లేదు. ఉదయం నాలుగింటికి గంట మ్రోగుతుంది.