కానరాని గాయము

మాసాహెబా చెరువన్న పేరే జనుల నోట మాసబ్ ట్యాంకైనది. ఆ కూడలిలో నిలిచినప్పుడెల్ల మా చూపు బస్సు నడపువాని మొగముపైఁ బడును. 1932లో నిజాము రాజ్యపు రైల్వేశాఖ 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో నగరమున బస్సులు నడపుట కారంభించెను. ఆ డ్రైవరు చక్రము చేతనుండగనే గుండె యాగి కూలినచో, దానిని దైవికమందుమా, ఉద్యోగమునఁ గలిగిన ప్రమాదమందుమా?

ఇంగ్లండున 1897లోఁ బుట్టిన చట్టము ననుసరించి మన దేశమున 1923లో కార్మిక పరిహార చట్టము వెలువడెను. హైదరాబాదు రాష్ట్రమునకది 1951లో విస్తరించెను. యజమాని తప్పు నిరూపింప నక్కరలేదు. పనిలో నుండగా, పనివలన ప్రమాదము గలిగినఁ జాలును. బొటనవ్రేలికింత, కంటికింత యని అందొక పట్టికయుఁ గలదు. గుండె మాట దానిలో లేదు. యంత్రమును జూచి వ్రాసిన చట్టము గదా!

1910లో ఇంగ్లండున నొక కూలివాఁడు మరబిగించుచుఁ గుప్పకూలెను. వాని గుండెనుండి బయలుదేరు నాళము మునుపే ఉబ్బి పలుచనై యున్నది; నిద్రలోనైన నది పగిలి యుండవచ్చునని తేలెను. అయినను, ఆ క్షణమునఁ బగిలినది పనివలననే కావున నది ప్రమాదమేయని ప్రభువుల సభ తీర్పు చెప్పెను. గుండెకు తీర్పులలోఁ జోటిచ్చినది ఈ వాదమే.

మన సుప్రీముకోర్టు దారి ఇంత సూటిది కాదు. 2006లో, బండిపైఁ బనిచేయుచు గుండెపోటుతో మరణించిన యొక క్లీనరు తల్లికి పరిహారము దక్కలేదు. పనిలోని శ్రమయే కారణమని చూపు సాక్ష్యము లేదనిరి. 2012లో, ఢిల్లీనుండి వేయి కిలోమీటర్లకుఁ బైగా లారీ తోలి, దారిలోఁ బ్రాణము విడిచిన డ్రైవరు కుటుంబమునకు దక్కెను. మరణము రెంటను నొక్కటే. మైళ్ల లెక్క యొకచోట నున్నది, మఱియొకచోట లేదు.

1953లో లండను బస్సులను పరిశీలించిన మారిస్ అను వైద్యుఁడు కండక్టర్లకంటె డ్రైవర్లకే గుండెజబ్బు లెక్కువయని చూపెను. ఆయన చెప్పిన హేతువు ఆందోళన కాదు, దినమెల్ల కూర్చుండుట. బల్ల ముందు కూర్చుండు గుమాస్తాలను మన చట్టము 2009 సవరణ దాఁక తన నీడకే రానీయలేదు. మాసబ్ ట్యాంకు చుట్టునుండు కార్యాలయములను జూచినప్పుడు మాకిది వింతగాఁ దోఁచును. 2025 నవంబరు 21న ఆ చట్టము తొలఁగి సామాజిక భద్రతా స్మృతి వచ్చెను. ‘పనిలో నుండగా, పనివలన’ అను షరతు మాత్రము నిలిచియే యున్నది.

ఆ ‘పనివలన’ అను మాటను రుజువు చేయవలసినది మృతుని భార్యయో తల్లియో. ఆతఁ డెన్ని రాత్రులు నిదురలేక బండి నడపెనో, ఎన్నిమార్లు సెలవడిగెనో ఆమెకుఁ దెలియును. ఆ లెక్కలున్న హాజరుపట్టీలు మాత్రము యజమాని బీరువాలో నుండును.