శుక్రవారం సెలవు, ఆదివారం సెలవు: మేడ్చల్, శామీర్‌పేట దారుల్లో మన వీకెండ్ కథ

ఎండాకాలం సెలవులు మొదలయ్యాయంటే కామెంట్లలో ఒకటే ప్రశ్న. "అన్నా, మేం మేడ్చల్ సైడ్ ఉంటాం, శామీర్‌పేట సైడ్ ఉంటాం. శని, ఆదివారాలు పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్లాలి? వాటర్ పార్కు అంటే నలుగురికి వేలల్లో అవుతోంది. తక్కువలో అయ్యేవి చెప్పు." సరే, చెప్తా. కానీ మనది చరిత్ర ఛానెల్ కదా, ఉత్త లిస్టు చదివి వెళ్లిపోతే బాగుండదు. ఈ వారం సెలవు అనేది మన దగ్గరికి ఎలా వచ్చింది, ఈ చోట్లు ఎవరి కోసం కట్టారు, మనకెలా దక్కాయి అన్నది ముందు చూద్దాం. చివర్లో ప్లాన్, ఖర్చు లెక్క రెండూ ఇస్తా.

ఒకసారి మ్యాప్ చూడండి. సికింద్రాబాద్ నుంచి ఉత్తరానికి రెండు రోడ్లు పోతాయి. ఎడమ పక్కది కొంపల్లి మీదుగా మేడ్చల్ పోయే నాగపూర్ రోడ్డు. కుడి పక్కది అల్వాల్, హకీంపేట, తూంకుంట మీదుగా శామీర్‌పేట పోయే కరీంనగర్ రోడ్డు, అంటే రాజీవ్ రహదారి. ఈ రెండింటి మధ్యలో రైలు పట్టాలు. ఇవాళ్టి కథ అంతా ఈ మూడు గీతల చుట్టూనే ఉంటుంది.

ముందుగా అన్నింటికన్నా పాత చోటు, కీసరగుట్ట. శామీర్‌పేటకి ఆగ్నేయంగా ఉంటుంది. శివరాత్రి జాతర మీ అందరికీ తెలుసు. గుట్ట మీద ఎక్కడ పడితే అక్కడ శివలింగాలు కనిపిస్తాయి. రాముడు కాశీ నుంచి లింగం తెమ్మంటే హనుమంతుడు ఆలస్యం చేశాడని, తీరా తెచ్చాక ప్రతిష్ఠ అప్పటికే అయిపోయిందని, ఆ కోపంలో తెచ్చిన లింగాల్ని విసిరేశాడని కథ. పిల్లలకి ఈ కథ చెప్పి లింగాలు లెక్కపెట్టమంటే చాలు, గంట ఇట్టే గడిచిపోతుంది.

కథ పక్కన పెట్టి చరిత్రకి వస్తే, ఇక్కడ తవ్వకాల్లో విష్ణుకుండినుల కాలం నాటి ఇటుక కట్టడాలు, కోట గోడల ఆనవాళ్లు బయటపడ్డాయి. ఇంకో సంగతి ఉంది. ఇక్కడ ఒక బండ మీద చిన్న తెలుగు మాట చెక్కి ఉంది, "తొలుచువాన్డ్రు". రాళ్లు తొలిచేవాళ్లు అని అర్థం. సుమారు 5వ శతాబ్దం నాటిదని పండితుల అంచనా. మనకు దొరికిన అతి పాత తెలుగు రాతల్లో ఇదొకటి. రాజు పేరు కాదు, దానం లెక్క కాదు, పనివాళ్ల పేరు. రెండో తరగతి పిల్లాడికి చదివి వినిపించినా అర్థమయ్యే మాట అది. పదిహేను వందల ఏళ్ల నాటి మాట ఇవాళ్టికీ అర్థమవుతోందంటే, దానికి మించిన తెలుగు పాఠం ఏముంటుంది చెప్పండి?

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆ రాళ్లు తొలిచినవాళ్లకి వారానికో సెలవు ఉండేదా? మనకు తెలిసిన ఆదివారం లాంటిది మన ఊళ్లలో లేదు. రైతుకి గానీ, చెరువు కట్టకు మట్టి మోసిన వడ్డెరకి గానీ విశ్రాంతి పండగతోనో, జాతరతోనో వచ్చేది. వారానికోసారి వచ్చేది సంత. వేసవి అంటే కోతలయ్యాక కాస్త తీరిక. పిల్లలకి వ్యవసాయ బావిలో ఈత, నడుముకి ఎండిన సొరకాయ బుర్ర. తాటి ముంజలు, ఈత పండ్లు. చెరువులో నీళ్లు తగ్గితే ఊరంతా చేపలు పట్టే రోజు. పైసా ఖర్చు లేదు. ఎందుకంటే బావి ఎవరిదో తెలుసు, చెరువు ఊరిది.

మరి ఆదివారం ఎక్కడి నుంచి వచ్చింది? మన ఏరియాకి వరకు చెప్పాలంటే, సైన్యంతో వచ్చింది. 1798లో నిజాం ఈస్టిండియా కంపెనీతో సైనిక ఒప్పందం చేసుకున్నాడు. 1806లో సికందర్ జా పేరు మీద సికింద్రాబాద్ వెలిసింది. దానికి ఉత్తరాన బొల్లారంలో హైదరాబాద్ కంటింజెంట్ అనే దళం ఉండేది. సిపాయిలు ఇక్కడివాళ్లు, పై ఆఫీసర్లు ఇంగ్లీషువాళ్లు. వాళ్లతోపాటే చర్చి, పరేడ్, ఆదివారం.

ఈ ఆదివారం కోసం బొల్లారంలో నెత్తురు కూడా పారింది. 1855 సెప్టెంబర్. మొహర్రం రోజులు. బ్రిగేడియర్ కాలిన్ మెకంజీ అనే అధికారి ఒక ఆర్డర్ వేశాడు: ఆదివారం నాడు బాజాలతో ఊరేగింపులు తీయొద్దని. ఆదివారం ఆయన మతంలో పవిత్రమైన రోజు. సిపాయిలకేమో మొహర్రం పవిత్రం. గొడవ ముదిరి అశ్వదళం సిపాయిలు ఆయన మీద కత్తులతో పడ్డారు. ఒంటి నిండా గాయాలైనా బతికాడు. ఇది 1857 తిరుగుబాటుకి రెండేళ్ల ముందు మాట. మనం ఇవాళ "సండే ఏం చేద్దాం" అని ఎంత తేలిగ్గా అంటున్నామో, ఆ సండే ఎవరిది అన్న పంచాయితీ ఒకప్పుడు ఇక్కడే జరిగింది.

తమాషా ఏంటంటే, కంటోన్మెంటు దాటితే లెక్క మారిపోయేది. నిజాం ప్రభుత్వ ఆఫీసులకి సెలవు శుక్రవారం. అంటే ఇటు ఆదివారం, అటు శుక్రవారం. 1948 సెప్టెంబర్‌లో హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిశాకే మిగతా దేశంతో పాటు ఇక్కడా ఆదివారం స్థిరపడింది. మన తాతల తరంలో శుక్రవారం సెలవు చూసినవాళ్లు ఉన్నారు. ఇంట్లో పెద్దవాళ్లుంటే అడిగి చూడండి.

ఇక బొల్లారంలోనే ఇంకో కట్టడం చూద్దాం. 1860లో కట్టిన బంగళా. బ్రిటిష్ రెసిడెంటు ఊరి బయట ఉండటానికి వాడుకున్నాడు. చుట్టూ 90 ఎకరాల తోట. సంస్థానం కలిశాక అది రాష్ట్రపతి నిలయం అయింది. ఏటా రాష్ట్రపతి కొన్ని రోజులు విడిది చేస్తారు. చాలా ఏళ్లు సామాన్యులకి ఏడాదిలో కొద్ది రోజులే తలుపు తెరిచేవారు. 2023 మార్చిలో, ఉగాది రోజున, ఏడాది పొడవునా చూసేలా తెరిచారు. అప్పుడు పెట్టిన టికెట్ 50 రూపాయలు. లోపల పాత మెట్ల బావులు ఉన్నాయి, మందు మొక్కల తోట ఉంది. వంటింటి నుంచి భోజనాల గదికి నేల కింద నుంచి ఒక సొరంగం ఉంది. వంటవాళ్లు దొరల కంట పడకుండా వంటకాలు తేవడానికి పనికొచ్చిన దారి. ఇప్పుడు దాని గోడల నిండా చేర్యాల బొమ్మలు వేశారు. ఒకప్పుడు పనివాళ్లు మాత్రమే నడిచిన దారిలో ఇప్పుడు మన పిల్లలు పరిగెత్తుతున్నారు. నాకైతే ఆ బంగళాలో అన్నిటికన్నా నచ్చేది అదే.

రైలు సంగతికి వద్దాం. సికింద్రాబాద్‌కి మొదటి రైలు మార్గం 1874లో వాడి వైపు నుంచి వచ్చింది. మేడ్చల్ మీదుగా మన్మాడ్ పోయే మీటర్ గేజ్ లైను 1900 ప్రాంతంలో పడింది, హైదరాబాద్ గోదావరి వ్యాలీ రైల్వే పేరుతో. సరుకు కోసం, సైన్యం కోసం వేసిన లైను అది. ఆ గుర్తు స్టేషన్ల పేర్లలో ఇంకా ఉంది. అల్వాల్ దగ్గర "కావల్రీ బ్యారక్స్" అని స్టేషన్ పేరు చదివి, ఇదేం పేరు అని ఎప్పుడైనా అనుకున్నారా? గుర్రపు దళం బ్యారక్స్ అన్నమాట. 2023 ఏప్రిల్ 8న ఈ లైను మీద మేడ్చల్ దాకా ఎంఎంటీఎస్ మొదలైంది. సికింద్రాబాద్ నుంచి 28 కిలోమీటర్లు. ఈ దారిలో బండ్లు తక్కువ, టైమింగ్ చూసుకొని బయల్దేరాలి. కానీ నలుగురికి కలిపినా టికెట్ ఒక ఐస్‌క్రీమ్ రేటు దాటదు. చిన్నపిల్లలకి రైలెక్కడమే పెద్ద ఆట, దిగాక ఏం చూశామన్నది తర్వాత మాట.

బస్సుకీ ఇలాంటి కథే. మన ఆర్టీసీకి మూలం నిజాం రైల్వేలో పెట్టిన రోడ్డు రవాణా శాఖ. 1932 జూన్‌లో 27 బస్సులతో మొదలైంది. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకంలో ఆడవాళ్లకి, ఆడపిల్లలకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. అమ్మ, ఇద్దరు కూతుళ్లు వెళ్తే ప్రయాణం ఖర్చు సున్నా. ఆధార్ మర్చిపోవద్దు.

ఇప్పుడు శామీర్‌పేట చెరువు. నిజాం కాలం నాటి పెద్ద చెరువు. తవ్వింది విహారానికి కాదు, పొలాలకి. కట్ట మీద గాలి మాత్రం ఎవరికైనా ఒకటే. దగ్గర్లో జవహర్ జింకల పార్కు ఉంది. చుక్కల జింకలు, నెమళ్లు ఉంటాయి. వేసవిలో నీళ్లు వెనక్కి తగ్గితే ఆ బురదలో కొంగలు చేరతాయి, పిట్టల్ని చూడ్డానికి అదే మంచి టైం. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తున్నా. నీళ్లలోకి దిగనివ్వొద్దు. ఒడ్డు నుంచి చూస్తే లోతు తెలియదు, అడుగున బురద. ఈత వచ్చినవాళ్లు కూడా పోయిన చెరువు ఇది.

సరే, ప్లాన్ చెప్తా. రెండు వీకెండ్లు అనుకోండి.

మొదటి ఆదివారం: ఎండ ఎక్కకముందే కీసరగుట్ట. ఏడు గంటలకల్లా గుట్ట మీద ఉండాలి, పదికల్లా దిగిపోవాలి. పులిహోర, మజ్జిగ ఇంటి నుంచే. మధ్యాహ్నం ఇంట్లో పడుకోండి, బయట ఏమీ వద్దు. సాయంత్రం అయిదున్నరకి ఓపిక ఉంటే శామీర్‌పేట కట్ట.

రెండో వీకెండ్: మేడ్చల్ నుంచి రైల్లో బొల్లారం, అక్కడి నుంచి ఆటోలో రాష్ట్రపతి నిలయం. సోమవారం సెలవు, కాబట్టి శని, ఆదివారాలు పర్లేదు. వెళ్లే ముందు ఆన్‌లైన్‌లో స్లాట్ చూసుకోండి. నలుగురికి ఫుల్ టికెట్ వేసినా 200. రైలు, ఆటో, పిల్లల చిరుతిండి కలిపి మొత్తం 500 దగ్గర ఆగుతుంది.

అసలు సంగతి ఇది. ఈ చోట్లలో ఏదీ మన పిల్లల కోసం కట్టింది కాదు. గుట్ట దేవుడిది, చెరువు పొలాలది, బంగళా దొరది, పట్టాలు సైన్యానివి. ఒక్కొక్కటీ ఒక్కో కాలంలో ఎవరో తీసుకున్న నిర్ణయంతో అందరివీ అయ్యాయి. అలా అందరివి అయినవి మళ్లీ కొందరివి కావడానికీ ఎక్కువ కాలం పట్టదు. చెరువు చుట్టూ ఎన్ని కాంపౌండు గోడలు లేచాయో ఆ రోడ్డు మీద వెళ్తే మీకే కనిపిస్తుంది. గోడ లేచిన చోట గాలికి కూడా రేటు ఉంటుంది. పిల్లలతో జనం వచ్చిపోయే చోట గోడ కట్టాలంటే పదిమంది అడుగుతారు. ఎవరూ రాని చోట అడిగేవాళ్లే ఉండరు.

కాబట్టి వెళ్లండి. వెళ్లినప్పుడు కవర్లు, సీసాలు వెనక్కి తెచ్చేయండి. మీ సైడ్ ఇలాంటి చోటు ఇంకేదైనా ఉంటే కామెంట్‌లో ఊరి పేరుతో సహా రాయండి, దాని చరిత్ర తవ్వుదాం. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి, నమస్తే.