గింజలు నాటే పిట్ట

1855లో విజయవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట కట్టారు, డెల్టా వరి మాగాణి అయింది. ఈ చరిత్ర పిల్లలకు చెబుతాం. మన పాపికొండల్లో అడవిని పెంచిన పిట్ట సంగతి మాత్రం చెప్పం.

అదే హార్న్‌బిల్, ముక్కు మీద కొమ్మున్న పెద్ద పిట్ట. మర్రి, రావి, మేడి పండ్లు దానికి ఇష్టం. పండు మింగి, గింజను దూరంగా వదులుతుంది. అక్కడ కొత్త చెట్టు మొలుస్తుంది. గుడ్లు పెట్టే కాలంలో ఆడపిట్ట చెట్టుతొర్రలో చేరి ద్వారం మూసుకుంటుంది. సన్నని చీలికలోంచి మగపిట్ట పండ్లు, పురుగులు, బల్లులు అందిస్తుంది. తొర్రపడిన ముసలి చెట్టు లేకపోతే దానికి సంతానమే లేదు.

2008లో పాపికొండలు జాతీయ పార్కు అయింది. అయినా పోలవరం జలాశయం కింద మన కోయ, కొండరెడ్డి ఊళ్లతోపాటు అడవి కొంత మునుగుతోంది. పాపికొండలు దాటి వచ్చిన గోదావరి నీళ్లే 2015 నుంచి పట్టిసీమ ఎత్తిపోతలతో ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలుస్తున్నాయి. ఇక్కడి హాస్టళ్లలో మన పిల్లలు తినే అన్నంలో ఆ నీరుంది.

ఇల్లు మళ్లీ కట్టుకోవచ్చు, తొర్ర చెట్టుకు తరాలు పడుతుంది. బూడిదరంగు హార్న్‌బిల్ ఊళ్ల పక్కనా బతుకుతుంది. కనుక పునరావాస కాలనీల్లో, హాస్టల్ ఆవరణల్లో మర్రి, రావి, మేడి మొక్కలు నాటుదాం.