సెల్లు కథ – దివిసీమ నుంచి బుడమేరు దాకా



మొన్న మా మనుమరాలు ఆగిపోయిన గోడగడియారాన్ని చూపించి, "తాతయ్యా, ఏ సెల్లు తేవాలి?" అని అడిగింది. ప్రశ్న చిన్నదే. సమాధానం చెప్పబోతే మాత్రం అర్ధశతాబ్దపు సంగతులు ఒక్కసారిగా గుర్తుకు వచ్చాయి.

మా కాలపు సామాన్యశాస్త్ర పుస్తకాలలో దీనిని 'నిర్జల ఘటం' అనేవారు. ఘటమంటే కుండ. ఆ పేరు సార్థకమే. సాధారణ సెల్లులో పైరేకు కింద ఉండేది యశదపు, అనగా జింకు గిన్నె. నడుమ బొగ్గు కడ్డీ, దాని చుట్టూ మాంగనీసు డయాక్సైడు, బొగ్గుపొడి కలిపిన నల్లని ముద్ద. ఇక్కడ కుండే వంటచెరకు కూడా! తాను కరిగిపోతూ విద్యుత్తునిస్తుంది. కరిగి కరిగి చిల్లుపడితే లోపలి ద్రవం కారి పరికరాన్ని తినేస్తుంది. అందుకే వాడని వస్తువులో సెల్లు ఉంచరాదంటారు.

1800లో ఇటలీ పండితుడు వోల్టా తొలి విద్యుత్ ఘటమాలను ప్రకటించాడు. 1866లో ఫ్రాన్సుకు చెందిన లెక్లాంషే ద్రవంతో కూడిన ఘటాన్ని రూపొందించాడు. 1880లలో జర్మనీవాసి గాస్నర్ దానిని ఒలకని పొడి సెల్లుగా మార్చాడు. అప్పటినుంచీ వెలుగు మనిషి చేతిలోకి వచ్చింది.

మన డెల్టాలో ఆ వెలుగుకు పని ఎక్కువ. నీటివంతు అర్ధరాత్రి వస్తే రైతు 'బ్యాటరీ లైటు' పట్టుకొని గట్లమీద నడవాలి, పాముల భయం. విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబరు 1న ప్రారంభమైంది. ట్రాన్సిస్టర్లు వ్యాపించిన తరువాత కరెంటు లేని పల్లెల్లోనూ దాని గొంతు వినిపించింది. మా ఇంటి రేడియోకు నాలుగు పెద్ద సెల్లులు. అవి నీరసిస్తే నాన్నగారు అరుగుమీద ఎండలో పెట్టేవారు. వేడికి లోపలి రసాయనచర్య కొంత చురుకై మరికాసేపు పలికేది. పోయిన శక్తి తిరిగి రావడం కాదది. పూర్తిగా చచ్చిన సెల్లును పగులగొట్టి, నల్లపొడిని దొండాకు పసరుతో నూరి బడిలో నల్లబల్లకు పూసేవాళ్ళం. పంతులునయ్యాక నేనూ పిల్లలచేత ఆ పని చేయించాను. ఆ పొడి పసిచేతులు తాకదగినది కాదని తరువాత తెలిసి, సిగ్గుపడ్డాను.

1977 నవంబరు 19, శనివారం. రెండు రోజులుగా ముసురు, ఎండ లేదు. సెల్లులు చచ్చి రేడియో మూగబోయి ఉంది. "సోమవారం తెద్దాంలే" అన్నారు నాన్నగారు. ఆ సాయంకాలం ఉప్పెన దివిసీమను ముంచెత్తింది. కనీసం 10,000 మంది పోయారని లెక్క. మా ఊరు సముద్రానికి దూరం కనుక కప్పులు ఎగిరిపోవడంతో సరిపోయింది. తీరగ్రామం నుంచి వచ్చి నాతో చదువుకున్న మిత్రుడు మాత్రం మళ్ళీ కనిపించలేదు. మా రేడియో పలికి ఉన్నా అతనికి ఒరిగేదేమీ లేదని బుద్ధికి తెలుసు. అయినా నాన్నగారు ఆ తరువాత బ్రతికినంతకాలం బియ్యపు డబ్బా పక్కన నాలుగు కొత్త సెల్లులు ఉంచేవారు. ఎందుకని మేమెవరమూ అడగలేదు.

కాలక్రమాన వస్తువులు చిక్కాయి, సెల్లూ చిక్కింది. నేడు గడియారాలలో, రిమోట్లలో కనిపించే డబుల్ ఏ సెల్లు 14.5 మిల్లీమీటర్ల లావు, 50.5 మిల్లీమీటర్ల పొడవు. 1950లలో ఆల్కలైన్ సెల్లు రూపొందింది. 1989 ప్రాంతంలో మళ్ళీ మళ్ళీ చార్జి చేయదగిన నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లు బజారులోకి వచ్చింది.

నేను ఈ చార్జింగు సెల్లులను చూసి మురిసిపోయినవాడినే. రక్తపోటు యంత్రానికీ, టార్చికీ అవే కొన్నాను. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు వీధులు మునిగాయి. మా ఇంట కరెంటు పోయింది, సెల్‌ఫోన్లు ఆరిపోయాయి. సొరుగు తెరిస్తే నెలల తరబడి ఊరకే పడివున్న ఆ సెల్లులు తమంతట తామే ఖాళీ అయి ఉన్నాయి. చార్జరు ఉంది, దానికి కరెంటేది? ఆ రాత్రి చీకటిలో మా ఇంటావిడ రక్తపోటు చూడలేక కూర్చున్నప్పుడు నాన్నగారి బియ్యపు డబ్బా గుర్తుకు వచ్చింది.

కనుక మనుమరాలికి చెప్పినదే మీకూ చెబుతున్నాను. గోడగడియారానికి, రిమోటుకు చౌకైన సాధారణ సెల్లు చాలు. తక్కువ విద్యుత్తుతో ఏళ్ళు నడిచేవి అవి. కెమెరా, ఆటబొమ్మల వంటి ఆకలిగొట్టు వస్తువులకు చార్జింగు సెల్లు లాభం. దానిమీద 1.5కు బదులు 1.2 వోల్టులని ఉంటే కంగారు వద్దు. ఆల్కలైన్ వాడుతుంటే క్రమంగా దిగజారుతుంది, ఇది చివరిదాకా దాదాపు నిలకడగా ఉంటుంది. కొనేటప్పుడు నిల్వలో త్వరగా ఖాళీ కాని రకాన్ని అడగండి. 4,000 మిల్లీ ఆంపియర్ గంటలని అట్టమీద ఉంటే నమ్మకండి. ఈ పరిమాణంలో మంచివాటికే 2,000 నుంచి 2,700 లోపు. ఒక్కొక్క సెల్లునూ విడిగా కనిపెట్టి, నిండగానే ఆగిపోయే చార్జరు మేలు. సాధారణ సెల్లును చార్జరులో పెట్టరాదు. పాతా కొత్తా కలపరాదు. వాడేసినవి చెత్తలో వేయక సేకరించేవారికి ఇవ్వాలి; 2022 నాటి నిబంధనలు ఆ బాధ్యతను తయారీదారులపై ఉంచాయి.

ఆపదకు మాత్రం అచ్చమైన ఆల్కలైన్ సెల్లులు నాలుగు, గడువు చూసి, పొడిగా విడిగా ఉంచుకోండి. మా ఇంట అవి ఇప్పుడు బియ్యపు డబ్బా పక్కనే ఉన్నాయి.