మాంటిచెల్లో నక్షాలు: రెండున్నర శతాబ్దాల సాక్ష్యం

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో, షార్లట్స్‌విల్ పక్కన కొండమీద థామస్ జెఫర్సన్ కట్టుకున్న ఇల్లు మాంటిచెల్లో. స్వాతంత్ర్య ప్రకటన రాసిన చెయ్యే ఈ ఇంటి నక్షాలూ గీసింది. 1768లో కొండ నెత్తిని చదును చేయించే పని మొదలైంది. భవన నిర్మాణం నేర్పే బడి ఆనాటి వర్జీనియాలో లేదు. ఇటలీ స్థపతి పల్లాడియో గ్రంథాలే జెఫర్సన్‌కు గురువులు. రెండంతస్తుల స్తంభాల మండపంతో, దశాంశాలదాకా కొలతలు లెక్కగట్టి సిరాతో గీసిన తొలి నక్షాల్లో ఆ శిష్యరికం కనిపిస్తుంది.

రెండో దశకు పారిస్ నాంది పలికింది. 1784 నుంచి 1789 వరకు ఫ్రాన్సులో ఉన్నప్పుడు ఒటెల్ ద సాల్మ్ భవనపు గుమ్మటం ఆయన మనసు దోచింది. గళ్ల కాగితంమీద పెన్సిలుతో గీయడమూ అక్కడినుంచి తెచ్చుకున్న అలవాటే. 1796లో పాత ఇంటిని విప్పించి పెంచడం మొదలుపెట్టి, దానికి గుమ్మటం ఎత్తించాడు. 1809 నాటికి ఇల్లు దాదాపు నేటి రూపానికి వచ్చింది. ఆ గీతలకు రూపమిచ్చిన వారిలో జాన్ హెమ్మింగ్స్ అనే నిపుణుడైన వడ్రంగి ఉన్నాడు. ఆయన అక్కడ బానిస.

అదే 1796లో బీమా కోసం జెఫర్సన్ మరో పటం గీశాడు. ఇంటికి దిగువనున్న మల్బరీ రో కట్టడాలకు అక్షరాలు వేసి వివరాలు రాశాడు. ఆర్, ఎస్, టి అని గుర్తించినవి బానిసల గుడిసెలు: 12 అడుగులకు 14 అడుగులు, కొయ్య పొగగొట్టం, మట్టినేల. అంత చిన్న వివరమూ కాగితానికెక్కడం చరిత్రకు గొప్ప మేలు చేసింది.

1826లో జెఫర్సన్ అప్పుల్లో కన్నుమూశాడు. మరుసటి ఏడు అక్కడి బానిసలను వేలం వేశారు. ఇల్లూ చేతులు మారింది. 1834లో కొన్న యురయా లెవీ, తరువాత ఆయన కుటుంబం దాన్ని శిథిలం కాకుండా నిలబెట్టారు. నక్షాలు మాత్రం జెఫర్సన్ సంతతివారి దగ్గరే ఉండి, చివరికి బోస్టన్‌లోని మసాచుసెట్స్ హిస్టారికల్ సొసైటీకి చేరాయి. ఇల్లొక దారిన, నక్షాలొక దారిన సాగిన కాలమది.

ఆ రెంటినీ మళ్లీ కలిపిన ఘనత చరిత్రకారుడు ఫిస్క్ కింబాల్‌ది. 1916లో ఆయన నక్షాలను పరిశీలించి గ్రంథంగా తెచ్చేదాకా జెఫర్సన్‌ను వాస్తుశిల్పిగా లోకం సరిగా గుర్తించలేదు. 1923లో ఏర్పడిన ఒక ఫౌండేషన్ ఇంటిని కొన్నది; పునరుద్ధరణకు కింబాలే మార్గదర్శి. 1933లో అమెరికా ప్రభుత్వం చారిత్రక కట్టడాల సర్వే ప్రారంభించి, పని లేని వాస్తుశిల్పులచేత పాత భవనాలను కొలిపించి నక్షాలు గీయించింది. కట్టడానికి గీసే నక్షాకు తోడు, కాపాడుకోవడానికి గీసే నక్షా ఒక జాతీయ వ్యవస్థ అయింది.

1980లలో మల్బరీ రోలో తవ్వకాలు జరిపిన పురావస్తు శాస్త్రవేత్తలకు ఆ బీమా పటమే దారి చూపింది. 2015లో టి గుడిసె మళ్లీ లేచి నిలబడింది. దానికి హెమ్మింగ్స్ దంపతుల పేరు పెట్టారు. యజమాని గుమ్మటాన్నీ, శ్రామికుల మట్టినేలనూ కలిపి చూపినప్పుడే ఒక ఇంటి చరిత్ర పూర్తవుతుంది. మాంటిచెల్లోకు ఆ పూర్ణత్వం దక్కడానికి ఆధారం, తరతరాలుగా భద్రపరిచిన ఆ కాగితాలే.