సిఫారసు ఎవరిది?

సిఫారసు మా మాట. ఫార్సీలో పుట్టి, ఉర్దూ మీదుగా తెలుగులోకి నడిచొచ్చింది. దరఖాస్తు, హాజరు, మంజూరు కూడా ఆ దారిన వచ్చినవే. కచేరీలోకి మా మాటలు వెళ్లాయి. మేం మెట్ల మీదే ఉండిపోయాం.

హైదరాబాద్ నుంచి అమెరికాకు ఎం.ఎస్. చదవబోయే పిల్లలు సాధారణంగా రెండు మూడు సిఫారసు ఉత్తరాలు పంపాలి. అది గురువు దీవెన అనుకుంటాం. అక్కడి చరిత్రలో దానికి ఇంకో ముఖం ఉంది.

1900లో హార్వర్డ్‌లో చేరినవాళ్లలో యూదులు నూటికి 7గురు. 1922 నాటికి 21 మంది. తూర్పు యూరప్ నుంచి వలస వచ్చిన దర్జీల, చిల్లర వర్తకుల బిడ్డలు పరీక్షలు రాసి గెలిచారు. అధ్యక్షుడు లోవెల్‌కు అది కంటగింపయింది. యూదుల సంఖ్యకు హద్దు పెట్టాలన్నాడు. 1923లో అధ్యాపకుల కమిటీ ఒప్పుకోలేదు.

అయితే 1922లోనే దరఖాస్తు మారిపోయింది. జాతి, మతం, తల్లి పుట్టింటి పేరు, తండ్రి పుట్టిన చోటు రాయాలి. నీ పేరుగానీ తండ్రి పేరుగానీ మధ్యలో మారిందా? అదీ చెప్పాలి. కుర్రాడు దాచుకుంటాడేమోనని హెడ్మాస్టరుకు వేరే కాగితం. అందులో ఆయన కుర్రాడి మతం దగ్గర టిక్కు పెట్టాలి. 1926 నుంచి ఫొటో కావాలన్నారు. 'శీలం' చూస్తామన్నారు. యూదుల సంఖ్య పడిపోయింది. కోటా అని మాత్రం ఎక్కడా రాయలేదు. పరీక్ష ఆపలేనివాళ్లను పరిచయం, శీలం పేరుతో ఆపారు.

పేరు వినగానే ఎదుటివాడి మొహం మారడం మాకు కొత్త కాదు. అందుకే ఆ యూదు కుర్రాళ్లు మాకు పరాయివాళ్లు కారు.

ఇక మా సంగతి. ఇరవై ఏళ్లు దాటిన ముస్లింలలో డిగ్రీ, డిప్లొమా ఉన్నవాళ్లు నూటికి నలుగురు కూడా లేరని 2006లో సచార్ కమిటీ తేల్చింది. మొత్తం జనాభాలో ఏడుగురు. బీడీలు చుట్టే తల్లికి ప్రొఫెసరు ఎలా తెలుస్తాడు? మెకానిక్ కొడుకు ఎవరి గడప తొక్కాలి?

ఉత్తరం వద్దని మేం అనం. మంచి టీచరు రాసే నాలుగు వాక్యాలు మార్కుల్లో కనపడని బిడ్డను చూపిస్తాయి. మెరిట్ మెరిట్ అంటూ రిజర్వేషన్లను ఎగతాళి చేసేవాళ్లను మాత్రం ఒకటి అడుగుతున్నాం. తాతల నాటి పరిచయాలు మెరిటేనా? 2007లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ వెనుకబడిన ముస్లింలకు 4 శాతం చట్టం చేసింది. ఏ పరిచయమూ లేనివాళ్ల కోసం ప్రభుత్వం బాహాటంగా రాసిన సిఫారసు అది. మీకు ఇన్నాళ్లూ చాటుగా అందిన సిఫారసుల లెక్క కూడా బయట పెట్టండి. అప్పుడు మెరిట్ గురించి మాట్లాడుకుందాం.